మనిషైతే లేచాడు, మరి పని సంగతి?

పోయిన నెల ఈ పేజీలో తలకి దెబ్బ తగిలినవాళ్ళ గురించి ఒక చిన్న జవాబు రాశాం. దాని తర్వాత వచ్చిన ఉత్తరాలు, మెయిళ్ళు చూస్తే ఆపరేషన్ గురించి అడిగినవాళ్ళు తక్కువ. ఇంటికి తెచ్చుకున్నాక ఏం చెయ్యాలి, మళ్ళీ పనిలోకి ఎలా పంపాలి అని అడిగినవాళ్ళే ఎక్కువ. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

ప్రశ్న: మేడమ్, మా ఆయన ఎలక్ట్రీషియన్. పోయిన ఏడాది బైకు మీంచి పడి తలకి ఆపరేషన్ అయింది. ఇప్పుడు నడుస్తాడు, తింటాడు, మాట్లాడతాడు. చూసినోళ్ళంతా "బానే ఉన్నాడు కదమ్మా" అంటారు. కానీ లేపితే తప్ప లేవడు, స్నానం చెయ్యమంటే తప్ప చెయ్యడు, చెప్పింది పది నిమిషాల్లో మర్చిపోతాడు, చిన్నదానికే పిల్లల మీద అరుస్తాడు. మా అత్తమ్మ "వాడికి బద్ధకం పట్టింది, నువ్వే అలవాటు చేశావ్" అంటుంది. పనికి పంపితే అదే సర్దుకుంటుందని మా మరిది. పంపమంటారా?
— ఒక సోదరి, సూర్యాపేట జిల్లా

జవాబు: ముందు ఈ ముక్క మీ అత్తమ్మకి చదివి వినిపించండమ్మా: ఇది బద్ధకం కాదు. తల గట్టిగా కుదుపుకి గురైనప్పుడు మెదడు పుర్రె లోపల కదిలి, నుదుటి వెనక భాగం, కణతల దగ్గరి భాగం అక్కడున్న గరుకు ఎముక అంచులకి ఒరుసుకుంటాయి. దెబ్బ బయట ఎక్కడ తగిలినా లోపల ఎక్కువగా నలిగేవి ఈ రెండు చోట్లే. కాళ్ళూ చేతులూ ఆడించే భాగం బాగానే ఉండొచ్చు కాబట్టి నడక వచ్చేస్తుంది, నడక రాగానే ఊరంతా "బాగైపోయాడు" అని తేల్చేస్తుంది. కానీ ఒక పని మొదలుపెట్టడం, వచ్చిన కోపాన్ని ఆపుకోవడం, దేని తర్వాత ఏది చెయ్యాలో వరుస పెట్టుకోవడం, ఇవన్నీ ఆ నుదుటి వెనక భాగం చూసుకునే పనులు. లేవాలని ఆయనకి తెలుసు, లేవడం మాత్రం మొదలవదు. అడిగితే "నాకేం కాలేదు" అంటాడు చూడండి, అది కూడా బుకాయింపు కాదు, తనలో వచ్చిన మార్పుని తను గమనించలేకపోవడం కూడా ఈ దెబ్బలో భాగమే.

ఇంకోటి అలసట. దీని గురించి డిశ్చార్జ్ అప్పుడు ఎవరూ చెప్పరు. లో వోల్టేజీలో నడిచే బోరు మోటారు లాంటిది, తిరుగుతుంది, నీళ్ళూ పోస్తుంది, కానీ లోపల వేడెక్కిపోతుంటుంది. పొద్దున్న రెండు గంటలు బాగానే ఉన్న మనిషి మధ్యాహ్నానికి చిరాకు, అరుపులు, తలనొప్పి అంటాడు. అరిచిన టైమ్ ఎప్పుడెప్పుడో ఒక వారం రాసి చూడండి, చాలా ఇళ్ళలో అది అలసిన టైమే అయ్యుంటుంది. ఆ టైముకి అరగంట ముందే పడుకోబెట్టండి. పిల్లలకి కూడా "నాన్నకి తల లోపల దెబ్బ ఇంకా మానలేదు, మీ మీద కోపం కాదు" అని చెప్పండి. వాళ్ళు తమ తప్పే అనుకుంటారు, బయటికి చెప్పరు.

ఇక మతిమరుపు. "గుర్తుపెట్టుకో, గుర్తుపెట్టుకో" అని రోజంతా అంటే గుర్తుండదు. లోపల జరగాల్సిన పనిని బయట పెట్టాలి. ఇంగ్లండ్‌లో 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో జ్ఞాపకశక్తి దెబ్బతిన్న 143 మందికి నడుముకి పేజర్ తగిలించి, టైముకి మెసేజ్ పంపితే, 80 శాతం పైగా మందులు వేసుకోవడం లాంటి రోజువారీ పనుల్లో స్పష్టంగా మెరుగయ్యారు. మనకి ఫోన్ అలారం చాలు. కాకపోతే అలారం మోగినప్పుడు స్క్రీన్ మీద "మాత్ర" అని ఉంటే లాభం లేదు, "ఫ్రిజ్ మీద నీలం డబ్బా, తెల్ల మాత్ర ఒకటి, నీళ్ళతో" అని ఉండాలి. స్నానం, టిఫిన్, వాకింగ్ రోజూ ఒకే టైముకి, ఒకే వరుసలో. నెల రోజులు విసుగ్గా ఉంటుంది మీకు, తర్వాత మీరు చెప్పడం తగ్గుతుంది.

పని విషయానికొస్తే మీ మరిది సగం కరెక్ట్. పని మంచిదే, పూర్తిగా బాగయ్యేదాకా ఇంట్లో కూర్చోబెడితే బాగయ్యేది కూడా ఆగిపోతుంది. కానీ పాత పనికి పాతలాగే పంపితే వారంలో గొడవపడి తిరిగొస్తాడు, "వీడింక పనికిరాడు" అన్న పేరు మిగులుతుంది. వైరింగ్ ఒంటరిగా చెయ్యడం, నిచ్చెన ఎక్కడం, కరెంటు ఉన్న లైను ముట్టుకోవడం ప్రస్తుతం వద్దే వద్దు, ఫిట్స్ వచ్చిన మనిషైతే అసలు మాట్లాడే పనే లేదు. తెలిసిన ఎలక్ట్రికల్ షాపుంటే వారానికి రెండు రోజులు, రోజుకో గంటన్నర, బల్ల దగ్గర కూర్చుని స్విచ్ బోర్డులు బిగించడం, పైపులు కొలిచి కోయడం, సామాను విడదీయడం లాంటివి చేయించండి. చేతికి తెలిసిన పని తలకి తెలిసినదాని కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. నెలకోసారి టైమ్ పెంచండి, దిగజారితే ఒక మెట్టు కిందికి రండి.

డాక్టర్లు ఈ విషయంలో ఎప్పుడూ చెప్పే కథ ఒకటుంది. 1848లో అమెరికాలో ఫినియస్ గేజ్ అనే రైల్వే మేస్త్రీ తలలోంచి ఆరు కిలోల ఇనప గడ్డపార దూసుకుపోయింది. బతికాడు గానీ స్వభావం మారిపోయింది, పాత ఉద్యోగం ఇవ్వలేదు. అందరూ కథని అక్కడితో ఆపేస్తారు. అదే మనిషి తర్వాత చిలీ దేశం వెళ్ళి కొన్నేళ్ళపాటు ప్రయాణికుల గుర్రబ్బండి తోలాడు. రోజూ అదే దారి, అవే గుర్రాలు, అవే పనులు, అదే వరుస. నాకైతే కథలో పనికొచ్చే భాగం ఇదే అనిపిస్తుంది.

ప్రశ్న: మాది విజయవాడలో హోల్‌సేల్ మందుల షాపు. మా దగ్గర ఆరేళ్ళు పనిచేసిన కుర్రాడికి యాక్సిడెంట్‌లో తలకి దెబ్బ తగిలింది. మంచివాడు, నమ్మకస్తుడు. మళ్ళీ తీసుకోవాలనే ఉంది. వారం రోజులు రానిచ్చి చూశాం, ఆర్డర్లు తారుమారు చేస్తున్నాడు, ఇద్దరు ఒకేసారి పిలిస్తే అలాగే నిలబడిపోతున్నాడు. మందులతో పని, పొరపాటైతే నాకూ టెన్షన్. ఏం చెయ్యాలి?

జవాబు: అన్నగారూ, ఈ నెల వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన ఉత్తరం మీదే. యజమాని వైపు నుంచి ఈ ప్రశ్న అడిగేవాళ్ళు అరుదు.

మీరు చూసిన వారంలోనే జవాబు ఉంది. తారుమారు ఎక్కడ జరిగింది? కౌంటర్ దగ్గర, ఫోన్ మోగుతుంటే, ఇద్దరు పిలుస్తుంటే. అంటే కుర్రాడికి మందులు తెలియకపోవడం కాదు, ఒకేసారి రెండు పనులు పట్టుకోలేకపోవడం. కాబట్టి ఉద్యోగం మొత్తం తీసెయ్యకుండా దాన్ని ముక్కలు చేసి చూడండి. మీ షాపులో ఎవరికీ ఇష్టం లేని పని ఒకటి ఉండే ఉంటుంది: రాక్‌ల దగ్గర నిలబడి ఎక్స్‌పైరీ దగ్గరపడ్డవి ఏరి పక్కన పెట్టడం. ఒక రాక్, ఒక లిస్టు, ఒక పెన్ను. పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, చూసిన ప్రతి బాక్సుకీ టిక్కు. మధ్యలో ఎవరు పిలిచినా ముందు టిక్కు పెట్టి, తర్వాత తల ఎత్తడం. అలాంటిదే వచ్చిన స్టాకుని ఇన్‌వాయిస్‌తో సరిచూడటం, బ్యాచ్ నంబర్లు రాయడం. బయటికి వెళ్ళే ఆర్డర్ మాత్రం ఇంకొకరు చూడకుండా వెళ్ళకూడదు. నిజానికి ఆ పద్ధతి అందరికీ పెట్టినా నష్టం లేదు.

నేర్పేటప్పుడు ఒక జాగ్రత్త. మామూలు కుర్రాళ్ళకి "ఏదీ, నువ్వే చెప్పు చూద్దాం" అని నేర్పుతాం. జ్ఞాపకశక్తి దెబ్బతిన్నవాళ్ళకి అది పని చెయ్యదు, ఊహించి చెప్పిన తప్పే బుర్రలో నాటుకుపోతుంది. మొదటి రోజు నుంచీ సరైనదే చూపించి, సరైనదే చేయించాలి, తప్పు చేసే సందు ఇవ్వకుండా. పురమాయించే మనిషి కూడా ఒక్కడే ఉండాలి. మీరొకటి, మీ తమ్ముడొకటి, అకౌంట్స్ ఆయనొకటి చెప్తే మళ్ళీ అలాగే నిలబడిపోతాడు.

అమెరికాలో వర్జీనియా కామన్‌వెల్త్ యూనివర్సిటీలో పాల్ వీమన్ బృందం 1980లలోనే తలకి దెబ్బ తగిలినవాళ్ళ మీద ఈ పద్ధతి పెట్టింది. ముందు ఏళ్ళ తరబడి ట్రైనింగ్, తర్వాత ఉద్యోగం అని కాకుండా, ముందు ఉద్యోగంలో పెట్టి, ఒక మనిషిని పక్కనే ఉంచి, పని అక్కడే నేర్పి, ఆ మనిషి మెల్లగా తప్పుకోవడం. దాన్ని జాబ్ కోచ్ అంటారు. మనకి జాబ్ కోచ్‌లు దొరకడం కష్టం. మీ షాపులో ఓపికున్న సీనియర్ ఒకాయనకి ఆ పని అప్పజెప్పండి, రెండు నెలలు ఆయన మీద పని భారం తగ్గించండి కూడా, లేకపోతే ఆయనకి విసుగొస్తుంది. జీతం చేసిన గంటలకి లెక్కకట్టి ఇవ్వండి. "జాలితో పెట్టుకున్నాను" అన్న మాట మాత్రం షాపులో ఎవరి నోటి నుంచీ రానివ్వకండి.

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. యాక్సిడెంట్ తర్వాత ఐదు నెలలు సెలవులో ఉన్నాడు. ఇప్పుడు కంపెనీవాళ్ళు "మీరే రిజైన్ చేస్తే ఎక్స్‌పీరియెన్స్ లెటర్ మంచిగా ఇస్తాం" అంటున్నారు. వాడు సంతకం పెట్టేస్తానంటున్నాడు.
— ఒక తండ్రి, తెనాలి

జవాబు: పెట్టనివ్వకండి, ఇప్పుడైతే అస్సలు వద్దు. దెబ్బ తగిలిన మొదటి ఏడాదిలో పెద్ద నిర్ణయాలు తీసుకోవడం వాళ్ళకి చాలా కష్టం, పైగా ఎవరైనా గట్టిగా అడిగితే సరేననేస్తారు. రిజైన్ చేస్తే కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ కూడా దాంతోనే పోతుంది, అది అవసరమయ్యేది ఇప్పుడే కదా.

ఫోన్‌లో మాట్లాడటం ఆపి, మెయిల్లో రాయించండి. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ప్రైవేటు కంపెనీ అయినా సమాన అవకాశాల పాలసీ పెట్టుకోవాలి, 20 మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ పనిచేసే చోటైతే అందులో ఏమేం ఉండాలో రూల్సే చెప్తాయి. ఆ పాలసీ కాపీ పంపమని ఒక్క మెయిల్ పెట్టండి. చాలాచోట్ల ఆ ఒక్క మెయిల్‌కే మాట తీరు మారుతుంది. నిజం చెప్పాలంటే ప్రభుత్వ ఉద్యోగికి ఉన్నంత గట్టి రక్షణ ప్రైవేటులో లేదు, కాబట్టి పోట్లాట కంటే మంచి ప్లాన్ చేతిలో పెట్టుకుని వెళ్ళడం నయం.

ఆ ప్లాన్ కోసం ముందు న్యూరోసైకాలజీ పరీక్ష చేయించండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో చేస్తారు, హైదరాబాద్‌లో పెద్ద న్యూరో విభాగం ఉన్నచోట అడగండి. ఐక్యూ ఎంత అన్నది కాదు అందులో చూడాల్సింది. శ్రద్ధ ఎంతసేపు నిలుస్తుంది, వేగం ఎంత తగ్గింది, కొత్త విషయం ఎంత నిలుస్తుంది, ఇవి. కోడింగ్ పాతదంతా గుర్తుండి, మూడు మీటింగులు వరసగా పడితే మాత్రం చిత్తయిపోయే కుర్రాళ్ళు ఉంటారు. అలాంటప్పుడు కంపెనీని అడగాల్సింది: మొదటి రెండు నెలలు సగం రోజు, వీలైతే ఇంటి నుంచి, చర్చించింది ఏదైనా రాతలో పంపడం, ఒకేసారి ఒకే టాస్క్, రాత్రి షిఫ్టు లేకపోవడం. టీమ్‌కి అంతా చెప్పక్కర్లేదు. మేనేజర్‌కి మాత్రం "వేగం తగ్గింది, తెలివి తగ్గలేదు, రాసి ఇస్తే చేస్తాను" అని మీ అబ్బాయే చెప్పాలి, మీరు కాదు. నాన్న ఫోన్ చేస్తే వాళ్ళు పిల్లాడి కింద లెక్కగడతారు.

ప్రశ్న: మా నాన్నగారు కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఇంకా ఏడేళ్ళ సర్వీసు ఉంది. "అన్‌ఫిట్ రాయించుకుని వెళ్ళిపోండి" అంటున్నారు. వెళ్ళాలా?
— వరంగల్ నుంచి

జవాబు: అక్కర్లేదు. అదే చట్టంలో సెక్షన్ 20(4) చూడండి. ప్రభుత్వ సంస్థలో సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చెయ్యలేకపోతే అదే జీతంతో వేరే పోస్టుకి మార్చాలి, అలాంటి పోస్టు ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి, తగినది దొరికేదాకా గానీ రిటైరయ్యేదాకా గానీ ఉంచాలి. స్తంభం ఎక్కలేని లైన్‌మన్ ఫిర్యాదులు రాసుకోగలడు, స్టోర్ చూసుకోగలడు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక ఆర్టీసీ డ్రైవర్ కేసులో కూడా, రంగులు గుర్తుపట్టలేడని ఇంటికి పంపిన మనిషికి అదే పే గ్రేడులో వేరే ఉద్యోగం ఇవ్వమని తీర్పిచ్చింది. మనవైపు కేసే అది. స్వచ్ఛంద విరమణ కాగితం మీద సంతకం చేయించకుండా చూసుకోండి, వేరే పోస్టు కోరుతూ దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి, కదలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు.

ప్రశ్న: మా చెల్లికి తలకి దెబ్బ తగిలాక మాట సరిగ్గా రావట్లేదు, మనసులో ఉన్నది చెప్పలేదు. సదరం క్యాంపుకి (వైకల్యం ఎంత శాతమో కొలిచి సర్టిఫికెట్ ఇచ్చే చోటు) తీసుకెళ్తే "కాళ్ళూ చేతులూ బానే ఉన్నాయిగా" అని తక్కువ పర్సంటేజీ వేశారు. 40 రాకపోతే ఏమీ రాదట కదా?

జవాబు: వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో "తలకి గాయం" అని విడిగా లేదు. అందుకే గాయం పేరుతో వెళ్తే ఇలాగే అవుతుంది. గాయం వల్ల ఏమేం పోయాయో విడదీసి వెళ్ళాలి. మీ చెల్లిది అఫేసియా, అంటే మెదడుకి దెబ్బ తగిలి మాట, భాష మీద పట్టు తప్పడం, అది "మాట, భాష వైకల్యం" కింద చట్టంలో పేరు పెట్టి మరీ ఉంది. ఎముకల డాక్టర్ దాన్ని కొలవరు, స్పీచ్ పాథాలజిస్ట్ కొలవాలి. అఫేసియా పరీక్షకి తెలుగులో తయారైన రూపం కూడా ఉంది, ఆ రిపోర్టు పట్టుకుని మళ్ళీ మీసేవలో గానీ సచివాలయంలో గానీ స్లాట్ తీసుకోండి. ప్రవర్తనలో మార్పు, మనసు బాగా లేకపోవడం ఉంటే సైకియాట్రిస్ట్ అంచనా వేరే. రెండు మూడు రకాలు కలిస్తే కలిపి లెక్క కడతారు.

40 దాటితే పింఛను మాట వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగులకి నెలకి 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైతే 15,000. తెలంగాణలో 4,016. ఒక మెలిక ఉంది, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉన్న జాబితాలో మాట వైకల్యానికి విడిగా చోటు లేదు. కాబట్టి చేతిలో కొంచెం బలహీనత ఉన్నా దాన్ని వదిలెయ్యకుండా కొలిపించండి. పదిమంది క్యూలో ఉన్న క్యాంపులో డాక్టర్ చెయ్యి పైకెత్తమంటారు, ఎత్తుతుంది, అయిపోయింది. చొక్కా గుండీ పెట్టి చూపించమంటే కదా తేడా తెలిసేది! అడిగి చూపించండి.

ప్రశ్న: లోక్ అదాలత్‌లో ఇన్సూరెన్స్‌వాళ్ళు ఇంత ఇస్తాం అంటున్నారు. మెడికల్ సర్టిఫికెట్‌లో 30 శాతమే ఉంది కాబట్టి అంతకంటే రాదంటున్నారు. మా అన్న లారీ డ్రైవర్, ఇక స్టీరింగ్ పట్టలేడు.

జవాబు: డాక్టర్ వేసిన శాతం వేరు, సంపాదన పోయిన శాతం వేరు. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఎడమ చెయ్యి పోతే డ్రైవర్‌కి గానీ వడ్రంగికి గానీ సంపాదన మొత్తం పోయినట్టే కావచ్చు, అదే గుమాస్తాకి ఉద్యోగమే పోకపోవచ్చు అని. మీ అన్న విషయంలో అడగాల్సింది 30 శాతం కాదు, డ్రైవింగ్‌తో వచ్చే ఆదాయం ఎంత పోయిందన్నది. ఫిట్స్ ఉన్నాయని, చూపు ఒక పక్క తగ్గిందని, శ్రద్ధ నిలవదని న్యూరో డాక్టర్ రాసిన కాగితాలుండాలి. లోక్ అదాలత్‌లో ఒప్పుకున్నాక అప్పీలు ఉండదు, అది తెలిసి సంతకం పెట్టండి. లాయర్ ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, వైకల్యం ఉన్నవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. కొత్తగా కేసు వెయ్యాల్సినవాళ్ళకి ఒక మాట: మోటారు వాహనాల చట్టంలో గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. మనిషి ఆస్పత్రిలో ఉన్నాడని ఆగకండి.

ప్రశ్న: ఎన్నాళ్ళకి పూర్తిగా మామూలు మనిషి అవుతాడు?
— చాలామంది

జవాబు: మొదటి ఆరు నెలలు వేగంగా, రెండేళ్ళ దాకా మెల్లగా, ఆ తర్వాత కూడా కొద్దికొద్దిగా. "ఏడాది దాటింది, ఇంక రాదు" అనేవాళ్ళ మాట వినకండి. "ఈ మందుతో నెలలో" అనేవాళ్ళ మాట అంతకంటే వినకండి.

ప్రశ్న: బైకు నడపొచ్చా?

జవాబు: ఫిట్స్ వచ్చి ఉంటే వద్దు. రాకపోయినా న్యూరాలజిస్ట్ సరే అన్నాకే. మందు తాగే అలవాటుంటే ముందు అది మానాలి, దెబ్బతిన్న మెదడు మునుపటంత తట్టుకోలేదు, ఫిట్స్‌ని పిలిచినట్టే.

ప్రశ్న: మా తమ్ముడు ఇంటర్‌తో ఆగాడు, దెబ్బ తర్వాత పాత పని చెయ్యలేడు. కొత్త పని నేర్పే చోట్లున్నాయా?
— నల్గొండ నుంచి

జవాబు: హైదరాబాద్ విద్యానగర్‌లో కేంద్ర కార్మిక శాఖ నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్ ఫర్ డిఫరెంట్లీ ఏబుల్డ్ ఉంది, పాతవాళ్ళు వీఆర్‌సీ అంటారు. మనిషి ఏం చెయ్యగలడో అంచనా వేసి, ట్రైనింగ్ ఇచ్చి, ఉద్యోగాలకి పేరు నమోదు చేస్తారు. హైదరాబాద్ నుంచే పనిచేసే యూత్‌ఫోర్‌జాబ్స్ సంస్థ కూడా వైకల్యం ఉన్న యువతకి శిక్షణ ఇచ్చి కంపెనీల్లో పెట్టిస్తుంది. వెళ్ళేటప్పుడు సదరం సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ, చదువు కాగితాలు పట్టుకెళ్ళండి. అక్కడ కౌన్సెలర్‌కి మొదటి మాటగా తలకి దెబ్బ అని చెప్పండి, లేకపోతే చూడ్డానికి బాగున్నాడు కదా అని ముప్పైమంది ఉన్న కంప్యూటర్ క్లాసులో కూర్చోబెడతారు, మూడో రోజుకి మానేస్తాడు. చిన్న బ్యాచ్, పొద్దున్న పూట, నేర్పింది కాగితం మీద రాసిచ్చే పద్ధతి ఉందా అని అడగండి. మొదటి వారం ఒకరు వెంట వెళ్ళండి, బస్సు దిగే స్టాపు గుర్తుపట్టేదాకా.